లేటర్ అన్నాడు, డేటా అని వినబడింది

2015 మార్చి 9, అడిలైడ్. ఇంగ్లండ్‌కు 12 బంతుల్లో 16 పరుగులు కావాలి, చేతిలో 2 వికెట్లున్నాయి. బంగ్లాదేశ్ పేసర్ రూబెల్ హుస్సేన్ మొదటి బంతికి బ్రాడ్ స్టంప్స్ లేపేశాడు. మూడో బంతికి ఆండర్సన్ స్టంప్స్ లేచిపోయాయి. క్రికెట్ పుట్టింటివాళ్లు క్వార్టర్ ఫైనల్ మొహం కూడా చూడకుండా ప్రపంచకప్ నుంచి ఇంటిదారి పట్టారు. కాసేపటికి కోచ్ పీటర్ మూర్స్ బీబీసీ మైకు ముందుకొచ్చాడు. ఎక్కడ తేడా కొట్టిందో తర్వాత చూసుకోవాలి అన్న అర్థంలో ఒక మాట అన్నాడు. అందులోని 'లేటర్' అన్న ముక్క విన్నవాళ్ల చెవికి 'డేటా' అని తగిలింది. అంతే. జట్టు మునిగిపోతుంటే కోచ్ గారు కంప్యూటర్లో లెక్కలు చూసుకుంటానంటున్నాడని పత్రికలు ఎత్తుకున్నాయి, కార్టూన్లు వచ్చాయి, సోషల్ మీడియా పండగ చేసుకుంది. అతను అన్నది అది కాదని బీబీసీ కూడా ఆ తర్వాత ఒప్పుకుంది. కానీ అప్పటికే అప్రతిష్ట ఊరంతా తిరిగొచ్చేసింది.

నేటికీ మూర్స్ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ అనని మాటే. మరోవైపు, ఇంగ్లండ్ దేశవాళీ క్రికెట్లో మూడు వేర్వేరు కౌంటీలను (ప్రాంతీయ జట్లను) చాంపియన్లుగా నిలిపిన కోచ్ అతనొక్కడే. జాతీయ జట్టు అతన్ని రెండుసార్లు నెత్తిన పెట్టుకుంది, రెండుసార్లూ దించేసింది. ఒకే మనిషి ఒకచోట అంత బాగా, ఇంకోచోట అంత పేలవంగా ఎలా కనిపిస్తాడన్నది ఆలోచించాల్సిన విషయం. 'కౌంటీకి సరిపోతాడు గానీ అంతర్జాతీయ స్థాయికి చాలడు' అన్న జవాబు సులువైనది. అందులో కొంత నిజముంది, కానీ అదే మొత్తం నిజం కాదు.

మూర్స్ 1962 డిసెంబర్ 18న చెషైర్‌లోని మక్లెస్‌ఫీల్డ్‌లో పుట్టాడు. 1983లో వూస్టర్‌షైర్‌కు ఆడటం మొదలుపెట్టి, 1985లో ససెక్స్‌కు మారి, 1998 దాకా అక్కడే వికెట్ల వెనక నిలబడ్డాడు. మధ్యలో ఒక సీజన్ దక్షిణాఫ్రికా వెళ్లి ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌కు ఆడొచ్చాడు. మొత్తం 231 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 502 క్యాచ్‌లు, 44 స్టంపింగ్‌లు. బ్యాటుతో 7 సెంచరీలతో 7,351 పరుగులు, సగటు 24 పైచిలుకు. ఇంగ్లండ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జాక్ రస్సెల్, అలెక్ స్టీవర్ట్‌లున్న కాలంలో ఈ అంకెలతో సెలక్టర్ల తలుపు తట్టడం అయ్యే పని కాదు. పదమూడేళ్లకు పైగా ఒకే కౌంటీని అంటిపెట్టుకుని, ఏప్రిల్ చలి నుంచి సెప్టెంబర్ దాకా రోజుకు ఆరు గంటలు గుంజీలు తీసినట్టు కూర్చుని లేచే రకం ఆటగాడు. ఇంగ్లిష్ కౌంటీ క్రికెట్ బండి నడిచేది ఇలాంటివాళ్ల మీదే.

ఆ కెరీర్లో అందరి కళ్లూ పడ్డ రోజు ఒకటుంది. అది కూడా ఓటమే. 1993 సెప్టెంబర్‌లో లార్డ్స్‌లో నాట్‌వెస్ట్ ట్రోఫీ ఫైనల్, అప్పటికి 60 ఓవర్ల ఆట. ససెక్స్ 6 వికెట్లకు 321 కొట్టింది. ఆ రోజుల్లో ఫైనల్లో అంత స్కోరు కొడితే కప్పు చేతికొచ్చినట్టే. వార్విక్‌షైర్ ఆసిఫ్ దిన్ సెంచరీతో వెంటాడింది. చివరి ఓవర్‌కు 15 కావాలి. ఫ్రాంక్లిన్ స్టీఫెన్‌సన్ వేసిన మొదటి ఐదు బంతుల్లో డెర్మాట్ రీవ్ 13 లాగేశాడు. ఆఖరి బంతికి క్రీజులో ఉన్నది అప్పటిదాకా ఒక్క బంతీ ఎదుర్కోని రోజర్ ట్వోస్. అతను ఆఫ్ సైడ్ గాల్లోకి లేపిన బంతి ఫీల్డర్లకు అందలేదు. రెండు పరుగులు వచ్చేశాయి. స్టంప్స్ వెనక గ్లవ్స్ తొడుక్కుని ఆ బంతినే చూస్తూ నిలబడ్డ మనిషి మూర్స్.

ఆ దెబ్బ నుంచి ససెక్స్ చాన్నాళ్లు తేరుకోలేదు. 1996 సీజన్ ముగిసేసరికి కెప్టెన్ అలన్ వెల్స్‌తో సహా పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోయారు. సభ్యులు తిరగబడితే పాత కమిటీ కూలిపోయింది. మిగిలిన కుర్రాళ్లకు కెప్టెన్ ఎవరంటే మూర్సే దిక్కయ్యాడు. 1997లో జట్టు 18 కౌంటీల్లో 18వ స్థానంలో నిలిచింది. మామూలుగా అయితే 34 ఏళ్ల వికెట్ కీపర్ కథ అక్కడితో సరి. మూర్స్ మాత్రం గ్లవ్స్ పక్కన పెట్టి కోచ్ బాధ్యత తలకెత్తుకున్నాడు. డెర్బీషైర్ నుంచి క్రిస్ ఆడమ్స్ కెప్టెన్‌గా వచ్చాడు. ఇద్దరూ కలిసి కష్టపడితే వెంటనే ఫలితం వచ్చిందా అంటే, లేదు. 2000లో కౌంటీల నాలుగు రోజుల మ్యాచ్‌ల లీగ్ అయిన చాంపియన్‌షిప్‌ను రెండు డివిజన్లుగా చీల్చినప్పుడు ససెక్స్ రెండో డివిజన్లోనూ అట్టడుగునే నిలిచింది. కోచ్ మూడో ఏట కూడా చివరి స్థానమంటే ఇప్పటి ఐపీఎల్ యజమానులెవరైనా ఏం చేసేవారో వేరే చెప్పక్కర్లేదు. ససెక్స్ ఆగింది. 2001లో రెండో డివిజన్ గెలిచి పైకొచ్చింది. 2003లో ఏకంగా చాంపియన్.

ఆ గెలుపు బరువు మనకు అర్థం కావాలంటే ఒక విషయం గుర్తు చేసుకోవాలి. మన రంజీ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీ ఆడిన కౌంటీ ససెక్స్. దులీప్ ట్రోఫీకి పేరిచ్చిన దులీప్‌సింహ్‌జీ ఆడిందీ ససెక్స్‌కే. టైగర్ పటౌడీ 1966లో కెప్టెన్సీ చేసింది కూడా అక్కడే. 1839లో పుట్టిన క్లబ్బు అది. రంజీ కాలంలో 1902, 1903ల్లో రెండో స్థానం, దులీప్ కెప్టెన్సీ చేసిన 1932 నుంచి వరుసగా మూడేళ్లు రెండో స్థానం, ఆ తర్వాత 1953లో, 1981లో మళ్లీ రెండో స్థానం. ఏడుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చిన జట్టు. 2003 సెప్టెంబర్‌లో హోవ్ మైదానంలో లీసెస్టర్‌షైర్‌పై మ్యాచ్‌లో ఆ గుమ్మం దాటింది. అదే మ్యాచ్‌లో మర్రే గుడ్విన్ 335 నాటౌట్ కొట్టి, 1930లో దులీప్ చేసిన 333 పరుగుల కౌంటీ రికార్డును చెరిపేశాడు. ఆ ఏడాది పాకిస్తాన్ లెగ్ స్పిన్నర్ ముస్తాక్ అహ్మద్ 103 వికెట్లు తీశాడు. అప్పటికి ముస్తాక్ కెరీర్ అయిపోయిందనే అందరూ అనుకుంటున్నారు. అయిపోయిందన్న ఆటగాడిని తెచ్చి బలంగా నిలబెట్టడం మూర్స్ కథలో మళ్లీ మళ్లీ కనిపించే పని.

2005లో అతను జాతీయ అకాడమీ డైరెక్టర్ అయ్యాడు. అంతకు ముందు ఆ కుర్చీలో ఉన్నది ఆస్ట్రేలియా మాజీ కీపర్ రాడ్ మార్ష్. తర్వాత మూర్స్ ఇంగ్లండ్‌కు సహాయకుడిగా తెచ్చుకున్న ఆండీ ఫ్లవర్ జింబాబ్వే కీపర్. రెండో దఫా అతని పక్కనున్న పాల్ ఫార్‌బ్రేస్ కెంట్, మిడిల్‌సెక్స్‌ల మాజీ కీపర్. బంగ్లాదేశ్‌కు కోచ్‌గా వెళ్లిన స్టీవ్ రోడ్స్ వూస్టర్‌షైర్ కీపర్. మైదానం మొత్తం కీపర్ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి కోచింగ్ వాళ్లకు పుట్టుకతోనే వస్తుందని ఒక సిద్ధాంతం చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మూర్స్ విషయంలో మాత్రం చూపు కంటే నోరే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది. కీపర్ పని బంతులు పట్టడంతో అయిపోదు. సాయంత్రం ఐదింటికి బౌలర్లు డీలా పడ్డప్పుడు చప్పట్లు కొట్టి, అరిచి, ఫీల్డర్లు నిద్రపోకుండా చూసేది అతనే. మూర్స్ కోచింగ్ మొత్తం ఆ సాయంత్రపు కీపర్ పనే. ఆపని హుషారు, తెల్లారేసరికి నెట్స్‌లో, ప్రతి ఒక్కరికీ ఏదో ఒక డ్రిల్. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది ప్రాణవాయువు. ఆస్ట్రేలియాతో ఆడే యాషెస్ సిరీస్ గెలిచి వచ్చిన ముప్పై ఏళ్లవాడికి చెవిలో జోరీగ. మొదటి దఫా ఇంగ్లండ్‌లో జరిగిందాంట్లో సగం ఇదే.

2007 వేసవిలో డంకన్ ఫ్లెచర్ స్థానంలో మూర్స్ వచ్చాడు. తొలి టెస్టులోనే తన ససెక్స్ శిష్యుడు మ్యాట్ ప్రయర్‌కు గ్లవ్స్ ఇప్పించాడు. 'మనవాడని తెచ్చుకున్నాడు' అన్న గొణుగుడు లేచేలోపే లార్డ్స్‌లో వెస్టిండీస్‌పై ప్రయర్ 126 నాటౌట్ కొట్టాడు. అరంగేట్రంలో సెంచరీ చేసిన తొలి ఇంగ్లండ్ వికెట్ కీపర్ అతనే. ఆ సరదా ఎక్కువ రోజులు నిలవలేదు. అదే వేసవిలో రాహుల్ ద్రవిడ్ జట్టు ఇంగ్లండ్‌లో 1-0తో సిరీస్ గెలిచింది. 1986 తర్వాత మనవాళ్లకు అక్కడ అదే తొలి సిరీస్ విజయం. ట్రెంట్ బ్రిడ్జ్‌లో జహీర్ ఖాన్ బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు క్రీజులో జెల్లీ బీన్స్ మిఠాయిలు పడి ఉండటం, ఒళ్లు మండిన జహీర్ బంతితో సమాధానం చెప్పడం మనకింకా గుర్తే. ఆ డ్రెస్సింగ్ రూమ్ పెద్ద మూర్సే. చిల్లర చేష్టలను మొదటే ఆపకపోవడం కోచ్ తప్పు కూడా.

నిజంగా పెద్ద నిర్ణయం 2008 మార్చిలో న్యూజిలాండ్‌లో జరిగింది. హామిల్టన్‌లో మొదటి టెస్టు ఓడగానే 2005 యాషెస్ హీరోలు హార్మిసన్, హోగార్డ్‌లను ఒక్కసారిగా పక్కన పెట్టేశారు. వాళ్ల స్థానంలో వెల్లింగ్టన్‌లో ఆడింది జేమ్స్ ఆండర్సన్, స్టువర్ట్ బ్రాడ్. తొలి ఇన్నింగ్స్‌లో ఆండర్సన్ 5 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ సిరీస్ 2-1తో గెలిచింది. కెరీర్లు ముగిసేసరికి టెస్టుల్లో ఈ జంట ఖాతాలో చేరిన మొత్తం వికెట్లు 704, 604. ఆ ఒక్క ఉదయం తీసుకున్న నిర్ణయం పదిహేనేళ్లు తిండి పెట్టింది. ఇందులో కెప్టెన్ మైకేల్ వాన్‌కూ వాటా ఉంది, నిజమే. కానీ ఓడినప్పుడు కోచ్‌ను తిట్టే లోకం, ఇలాంటివి జరిగినప్పుడు మాత్రం కోచ్ పేరు మర్చిపోతుంది.

ఆ ఆగస్టులో దక్షిణాఫ్రికా చేతిలో ఎడ్జ్‌బాస్టన్‌లో ఓడాక వాన్ కళ్లనీళ్లతో కెప్టెన్సీ వదిలేశాడు. కెవిన్ పీటర్సన్ వచ్చాడు. పీటర్సన్‌కూ మూర్స్‌కూ పొసగదని అప్పటికే అందరికీ తెలుసు. ఉప్పూ నిప్పూ లాంటి ఇద్దరిని ఒకే బండికి కట్టి నడిపించొచ్చు అనుకున్న బోర్డుదే అసలు పొరపాటు. నవంబర్‌లో భారత పర్యటనకు వచ్చి వన్డేలు 5-0తో పోగొట్టుకున్నారు. ముంబయి దాడులు జరిగాయి. ఇంటికెళ్లి, మళ్లీ టెస్టుల కోసం వెనక్కొచ్చారు. రాకపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు, వచ్చినందుకు ఆ జట్టును మెచ్చుకోవాలి. చెన్నైలో గ్రేమ్ స్వాన్ తన తొలి టెస్టు మొదటి ఓవర్లోనే గంభీర్‌నూ ద్రవిడ్‌నూ ఎల్బీగా పంపాడు. స్ట్రాస్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు. అయినా 387 లక్ష్యాన్ని సెహ్వాగ్ చితక్కొట్టి మొదలుపెడితే, సచిన్ 103 నాటౌట్‌తో ముగించాడు.

ఆ తర్వాత వారాల్లోనే కథ ముగిసింది. కోచ్ మారాలని పీటర్సన్ బోర్డుకు చెప్పిన మాట పత్రికలకెక్కింది. 2009 జనవరి 7న మూర్స్‌ను తీసేశారు, పీటర్సన్ కెప్టెన్సీ కూడా అదే రోజు పోయింది. పిల్లీ పిల్లీ తగువులో రొట్టె ఎవరికి దక్కిందంటే, మూర్స్ తెచ్చుకున్న సహాయకుడు ఫ్లవర్‌కు. ఫ్లవర్, కొత్త కెప్టెన్ స్ట్రాస్ జోడీ 2009లో యాషెస్ గెలిచింది, 2010-11లో ఆస్ట్రేలియా వెళ్లి మళ్లీ గెలిచింది, 2011లో మన ధోనీ జట్టును 4-0తో ఊడ్చి నంబర్ వన్ అయింది. ఆ జట్టు వెన్నెముక ఎవరు? వికెట్ల వెనక ప్రయర్, స్పిన్ స్వాన్, కొత్త బంతితో ఆండర్సన్, బ్రాడ్. ప్రయర్, స్వాన్‌లు తొలి టెస్టు ఆడిందీ, ఆండర్సన్, బ్రాడ్‌లు జట్టులో కుదురుకున్నదీ మూర్స్ హయాంలోనే. దుక్కి దున్నింది ఒకరు, కుప్ప నూర్చుకున్నది ఇంకొకరు. ఫ్లవర్‌కు అన్యాయం చేయకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. మూర్స్ ఉన్నన్నాళ్లూ అదే ఆటగాళ్లు ఆ స్థాయి ఆట ఆడలేదు. తారలను సముదాయించి, ఎవరిని ఎప్పుడు ఒంటరిగా వదిలేయాలో తెలుసుకునే నేర్పు ఫ్లవర్‌కు ఉంది, అప్పటి మూర్స్‌కు లేదు.

నెల తిరిగేసరికి లంకషైర్ పిలిచింది. అక్కడ మొదటి సీజన్లో అతని విదేశీ బ్యాటర్ ఎవరో కాదు, మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్. 2007లో ఓసారి ఆడి వెళ్లిన లక్ష్మణ్ 2009లో మళ్లీ ఆ కౌంటీకి వచ్చాడు. ఒకరి స్వభావం నిప్పుకణిక, ఇంకొకరిది చెరువు నీళ్లు. ఇంగ్లండ్ అకాడమీ నడిపిన మూర్స్ లాగే లక్ష్మణ్ కూడా 2021లో బెంగళూరు జాతీయ క్రికెట్ అకాడమీ పెద్ద అయ్యాడు. ఇలాంటి యాదృచ్ఛికాలు కౌంటీ క్రికెట్లోనే దొరుకుతాయి.

లంకషైర్ చివరిసారి ఒంటరిగా చాంపియన్ అయింది 1934లో. 1950లో ఇంకో కౌంటీతో పంచుకుంది, అంతే. 2011లో ఓల్డ్ ట్రాఫర్డ్ మరమ్మతుల్లో ఉండటంతో సొంతగడ్డ మ్యాచ్‌లు ఎక్కువగా లివర్‌పూల్‌లోని ఎయిగ్‌బర్త్ క్లబ్ మైదానంలో ఆడాల్సి వచ్చింది. జట్టులో పెద్ద తారలు లేరు. ఆండర్సన్ ఉన్నా జాతీయ జట్టు పనుల్లో మునిగిపోయాడు. గ్లెన్ చాపెల్ అనే 37 ఏళ్ల మీడియం పేసర్ కెప్టెన్. సీజన్ చివర్లో హ్యాంప్‌షైర్ మ్యాచ్ డ్రా అయిపోతుందనుకున్న సాయంత్రం సైమన్ కెరిగన్ అనే ఎడమచేతి స్పిన్నర్ 51 పరుగులిచ్చి 9 వికెట్లు తీశాడు. తర్వాతి వారం టాంటన్‌లో సోమర్సెట్‌పై గెలిచి కప్పు ఎగరేసుకుపోయారు. రెండు కౌంటీలకు చాంపియన్‌షిప్ తెచ్చిన తొలి కోచ్ మూర్స్. మరుసటి ఏడాదే అదే జట్టు రెండో డివిజన్‌కు జారింది. 2013లో మళ్లీ ఎక్కింది. అతని జట్లు అలా పడి లేస్తూనే ఉంటాయి. మూర్స్ అంటే నికరమైన విజయ యంత్రం అనుకునేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తారు.

2013-14లో ఆస్ట్రేలియాలో 5-0తో యాషెస్ పోయాక ఫ్లవర్ తప్పుకున్నాడు. 2014 ఏప్రిల్‌లో బోర్డు మళ్లీ మూర్స్‌నే పిలిచింది. తీసేసిన మనిషిని అయిదేళ్లకు తిరిగి అదే కుర్చీలో కూర్చోబెట్టడం అరుదు. ఆ వేసవిలో శ్రీలంకతో సిరీస్ హెడింగ్లీలో ఇంకొక్క బంతి మిగిలుండగా ఆండర్సన్ అవుటవడంతో పోయింది. భారత్‌పై లార్డ్స్‌లో ఇషాంత్ 7 వికెట్ల దెబ్బకు ఓడిపోయారు. కెప్టెన్ కుక్‌ను తీసేయాలని ఊరంతా గోల. మూర్స్ కదలలేదు. తర్వాతి మూడు టెస్టులూ ఇంగ్లండ్ గెలిచింది. కోహ్లీ ఆ సిరీస్‌లో పది ఇన్నింగ్స్‌ల్లో 134 పరుగులు చేశాడు. మొయిన్ అలీ తొలి టెస్టు ఆడింది ఆ వేసవిలోనే, సౌతాంప్టన్‌లో జోస్ బట్లర్ తొలి టెస్టు ఆడి 85 కొట్టిందీ అప్పుడే. అవతలి డ్రెస్సింగ్ రూమ్‌లో భారత్ కోచ్‌గా కూర్చున్నది ఎవరనుకున్నారు? 2007లో మూర్స్ ఎవరి కుర్చీలోకి వచ్చాడో ఆ డంకన్ ఫ్లెచరే.

ఎర్రబంతి (టెస్టు) జట్టు ఇలా గాడిన పడుతుంటే, తెల్లబంతి (వన్డే) జట్టు కొంప ముంచింది. ప్రపంచకప్‌కు రెండు నెలల ముందు, 2014 డిసెంబర్‌లో కుక్‌ను తీసి మోర్గాన్‌ను కెప్టెన్ చేశారు. మూడో స్థానంలో అలవాటు పడిన జేమ్స్ టేలర్‌ను టోర్నీ తొలి మ్యాచ్‌కే ఆరుకు దించి, గాయం నుంచి అప్పుడే లేచిన గ్యారీ బ్యాలెన్స్‌ను పైకి తెచ్చారు. వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్‌పై 123కే కుప్పకూలారు. సౌథీ 7 వికెట్లు తీస్తే, మెకల్లమ్ 25 బంతుల్లో 77 బాదాడు. ఫ్లడ్‌లైట్ల అవసరం పూర్తిగా రాకముందే ఆట ముగిసింది. శ్రీలంకపై 309 కొట్టి కూడా 9 వికెట్ల తేడాతో చిత్తయ్యారు. మిగతా లోకం 350 గురించి ఆలోచిస్తుంటే ఇంగ్లండ్ 280 కొట్టి హమ్మయ్య అనుకునే కాలంలో ఉండిపోయింది. ఇది ఒక్క రేడియో ముక్క వల్ల వచ్చిన చెడ్డపేరు కాదు. మూర్స్ ఇక్కడ నిజంగానే విఫలమయ్యాడు. ఆఖరి నిమిషంలో జట్టును కెలికిన బాధ్యత అతనిదీ, సెలక్టర్లదీ, కెప్టెన్‌దీ. మూడు భాగాలు.

కానీ అంకెల పిచ్చోడన్న ముద్ర మాత్రం వింత. 2020 డిసెంబర్‌లో కేప్‌టౌన్‌లో మోర్గాన్ జట్టు బాల్కనీలో విశ్లేషకుడు అక్షరాలు, అంకెలున్న అట్టలు పెట్టి కెప్టెన్‌కు సంకేతాలిచ్చాడు. దాన్ని చాలామంది ఆధునికత అన్నారు. గెలిచే జట్టు చేతిలో డేటా అంటే తెలివి, ఓడిన జట్టు కోచ్ నోట వినబడితే, అదీ తప్పుగా వినబడితే, తెలివితక్కువతనం.

రెండో ఉద్వాసన తీరు మొదటిదానికన్నా ఘోరం. 2015 మే 8న ఐర్లాండ్‌లోని మాలహైడ్‌లో వన్డే. పెద్ద ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చి కుర్రాళ్లతో వెళ్లారు. వర్షం. ఐర్లాండ్ 18 ఓవర్లలో 4 వికెట్లకు 56 దగ్గర ఆట ఆగిపోయింది, ఇక మొదలవ్వలేదు. కోచ్ మైదానంలో ఉండగానే అతన్ని తీసేస్తున్నారన్న వార్త ఫోన్లలో తిరిగేసింది. మర్నాడు కొత్త డైరెక్టర్ ఆండ్రూ స్ట్రాస్ పేరుతో అధికారికంగా చెప్పారు. బ్యాటింగ్‌కే దిగని ఆ మ్యాచ్‌లో తొలి క్యాప్ అందుకున్నవాళ్లలో జేసన్ రాయ్, మార్క్ వుడ్ ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత లార్డ్స్‌లో ప్రపంచకప్ ఎత్తిన జట్టులో ఆ ఇద్దరూ ఉన్నారు. మూర్స్ వెళ్లిన నెలరోజులకు ఫార్‌బ్రేస్ తాత్కాలిక కోచ్‌గా ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్ న్యూజిలాండ్‌పై 408 కొట్టింది. ఆ ఆటతీరు మూర్స్ ఉండి ఉంటే వచ్చేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. మోర్గాన్‌కు కావలసిన తెగింపు కోచ్ వెళ్లాకే దొరికింది. అతన్ని మార్చడం తప్పు కాదు. వానలో నిలబెట్టి మార్చడం తప్పు. అతను మాత్రం రెండుసార్లూ బయట రచ్చ చేయలేదు.

రెండు దఫాలు కలిపినా ఇంగ్లండ్ అతనికిచ్చిన సమయం మూడేళ్లు నిండదు. నాటింగ్‌హమ్‌షైర్‌కు 2015లో సలహాదారుగా వెళ్లి, 2017 సీజన్ నుంచి ముఖ్య కోచ్ అయ్యాడు. మొదటి ఏడాదే వన్డే కప్, టీ20 కప్ రెండూ వచ్చాయి, పై డివిజన్‌కు ఎక్కారు. లార్డ్స్ ఫైనల్లో అలెక్స్ హేల్స్ 187 నాటౌట్. ఆ తర్వాత వచ్చింది అసలు పరీక్ష. 2018 జూన్ నుంచి నాలుగు రోజుల మ్యాచ్ గెలవడమే మర్చిపోయారు. 2019లో అశ్విన్ వచ్చి 5 మ్యాచ్‌ల్లో 34 వికెట్లు తీసినా చాంపియన్‌షిప్‌లో ఒక్క విజయం లేదు, కింది డివిజన్‌కు జారారు. ఓటమి, డ్రా, ఓటమి. వరుసగా 30 మ్యాచ్‌లు, దాదాపు మూడేళ్లు. చివరికి 2021 మేలో ట్రెంట్ బ్రిడ్జ్‌లో డెర్బీషైర్‌పై 310 పరుగుల తేడాతో గెలిచి ఆ శాపం తీరింది. ఈ మధ్యలో 2020లో టీ20 కప్పు గెలవడం కొంత ఊపిరి పోసి ఉంటుంది. అయినా 30 మ్యాచ్‌లు గెలవని కోచ్‌ను క్లబ్బు మార్చకపోవడం ఈ రోజుల్లో పెద్ద వార్తే. ససెక్స్ 2000లో చేసినట్టే వీళ్లూ ఆగారు.

ఆ ఖాళీ కాలంలో మూర్స్ ఎవరిని పోగేశాడో చూడాలి. నార్తాంప్టన్‌షైర్ నుంచి బెన్ డకెట్ వచ్చాడు. తాగిన మైకంలో చేసిన అల్లరికి జట్టుకు దూరమైనవాడని అతని మీద ముద్ర ఉండేది. 2025 జూన్‌లో హెడింగ్లీలో మన మీద 371 ఛేదనలో 149 కొట్టింది ఆ డకెట్టే. లంకషైర్ వద్దనుకున్న హసీబ్ హమీద్ కూడా వచ్చాడు. గుజరాతీ మూలాలున్న ఈ కుర్రాడు 2016లో రాజ్‌కోట్‌లో పందొమ్మిదేళ్ల వయసులో టెస్టు ఆడి, 82 కొట్టి పాత ఓపెనర్ జెఫ్ బాయ్‌కాట్‌ను గుర్తు చేస్తున్నాడనిపించుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి బ్యాటు పట్టుకోవడమే మర్చిపోయినట్టయ్యాడు. 2019లో సొంత కౌంటీ వదిలేసింది. నాటింగ్‌హమ్‌లో అతను మళ్లీ పరుగులు చేయడం నేర్చుకున్నాడు, 2021లో మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడాడు, తర్వాత కౌంటీ కెప్టెన్ అయ్యాడు. ముస్తాక్ విషయంలో హోవ్‌లో చేసిన పనే ఇది, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత.

2022లో రెండో డివిజన్ గెలిచి నాటింగ్‌హమ్‌షైర్ పైకొచ్చింది. 2025 సెప్టెంబర్‌లో, వరుసగా మూడేళ్లు చాంపియన్‌గా ఉన్న సర్రేను వాళ్ల ఓవల్ మైదానంలోనే 20 పరుగుల తేడాతో ఓడించింది. చివరి రౌండ్‌లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో వార్విక్‌షైర్‌తో మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే కప్పు ఖాయమైంది. ఆ కౌంటీకి 2010 తర్వాత ఇదే తొలి చాంపియన్‌షిప్. 62 ఏళ్ల మూర్స్‌కు మూడో కౌంటీ.

ఆ సీజన్లో ఎర్రబంతి మ్యాచ్‌ల్లో స్టంప్స్ వెనక ఉన్నది దక్షిణాఫ్రికా కీపర్ కైల్ వెరీన్. జూన్‌లో అతను దేశం తరఫున ఆడటానికి వెళితే, రెండు మ్యాచ్‌లకు మన ఇషాన్ కిషన్‌ను పిలిపించారు. తొలి మ్యాచ్‌లో యార్క్‌షైర్‌పై 87, రెండోదాంట్లో సోమర్సెట్‌పై 77 కొట్టి వెళ్లాడు. 2017, 2020ల్లో ఈ కౌంటీ టీ20 కప్పులు గెలిచినప్పుడు గ్లవ్స్ తొడుక్కున్నది ఇంకొకడు. పేరు టామ్ మూర్స్. కోచ్ గారబ్బాయి.